ఏన్గెదీ కొండమేకల కాళ్లు

104వ కీర్తన మన సంఘాలలో తరచుగా చదివేదే. లెబానోను దేవదారు వృక్షములు, వేటకు గర్జించే సింహపు పిల్లలు, ఓడలు తిరిగే మహాసముద్రము. ఇంత గొప్ప సంగతుల మధ్య పదునెనిమిదవ వచనములో రెండు చిన్న ప్రాణులు కనిపిస్తాయి. ఎత్తైన కొండలు కొండమేకలకు ఇల్లు అనీ, బండల సందులు కుందేళ్లకు దాగుచోటు అనీ దాని భావము. చదివి దాటిపోతాము. నిజానికి సేద్యము చేసుకునే కుటుంబాలకు ఆ వచనము కొంచెం వింతగా తోచాలి. మన లెక్కలో కొండ అంటే నాగలి దిగని నేల. నీరు నిలవదు, విత్తనము పట్టదు. ఆస్తి పంపకాలలో గుట్ట వైపు ముక్క వచ్చినవాడు ముఖము మాడ్చుకుని ఇంటికి వస్తాడు. అలాంటి చోటును దేవుడు ఒక ప్రాణి పేర రాసి ఇచ్చాడు. శిక్షగా కాదు, ఇల్లుగా!

“మా దారి ఒక్కటే ఎందుకింత నిటారుగా ఉంది?” అని అడిగే కుటుంబాలు ప్రతి సంఘములోనూ ఉన్నాయి. వానలు తప్పిన ఊళ్లలో, అప్పు తీరని ఇళ్లలో, మనిషి మంచము పట్టిన ఇంటిలో ఆ ప్రశ్న పైకి అనకపోయినా ఉంటుంది. ఈ నెల ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని కొండమేకల దగ్గరకు వెళ్లి వద్దాము. మెట్ట ప్రాంతాల మేకల కాపరులకు ఇందులో సగము సంగతులు మాకంటే బాగా తెలుసు. వారు మిగతా సగము కోసము చదవవచ్చు.

దావీదు సౌలునుండి పారిపోయి దాగిన ఏన్గెదీ, మృత సముద్రపు పడమటి ఒడ్డున ఉంది. మృత సముద్రపు నీటి మట్టము మామూలు సముద్ర మట్టానికి సుమారు 430 మీటర్లు దిగువన ఉంటుంది. భూమి మీద అంతకంటే పల్లపు తీరము లేదు. ఆ ఒడ్డునుండి యూదయ అరణ్యపు సున్నపురాతి కొండలు గోడలు కట్టినట్టు పైకి లేస్తాయి. చాలా మేర చెట్టూ లేదు, చేమా లేదు. అయితే ఆ కొండల పగుళ్లలోనుండే మంచినీటి ఊటలు పుడతాయి. ఏన్గెదీ అనే మాటకు మేకపిల్ల ఊట అని అర్థము. పేరుకు తగినట్టే నేటికీ అక్కడ కొండమేకలు ఆ ఊటల దగ్గరకు దిగి నీళ్లు తాగుతాయి. మొదటి సమూయేలు 24వ అధ్యాయము కూడా ఆ బండలను కొండమేకల పేరుతోనే గుర్తు చెబుతుంది. హెబ్రీ భాషలో ఈ జంతువు పేరు యాయేల్. న్యాయాధిపతుల గ్రంథములోని యాయేలు పేరు ఇదే.

శాస్త్రజ్ఞులు దీనిని నూబియన్ ఐబెక్స్ అంటారు. పోతు బరువు యాభై కిలోలు దాటుతుంది, కొమ్ములు వెనక్కు వంగి మీటరు వరకు పెరుగుతాయి. ఆడది బాగా చిన్నది, కొమ్ములూ పొట్టివి. ఒంటి రంగు ఇసుక రంగు. ఆ నిగనిగలాడే వెంట్రుకలు ఎండను చాలావరకు వెనక్కు కొడతాయి. తుపాకులు వచ్చిన తరువాత ఈ జాతి వేటకు బలై చాలా తగ్గింది. ఇశ్రాయేలులో 1955లో చేసిన వన్యప్రాణుల చట్టము దానికి రక్షణ ఇచ్చింది. ప్రపంచము మొత్తము మీద చూస్తే అది ఇంకా ముప్పు ఉన్న జాతుల పట్టికలోనే ఉంది.

ఇక దాని కాలు చూద్దాము. నిటారు బండ మీద నిలిచిన కొండమేకను చూస్తే పాదాలకు జిగురు రాసుకుందా అనిపిస్తుంది. జిగురేమీ లేదు. గిట్ట రెండుగా చీలి ఉంటుంది, ఆ రెండు భాగాలూ దేనికదే కదులుతాయి. వెడల్పు చోట విచ్చుకుంటాయి, సన్నని అంచు దొరికితే దానికి తగినట్టు సర్దుకుంటాయి. గిట్ట చుట్టూ ఉన్న అంచు గట్టిది. రాతిలో వ్రేలెడు గాడి ఉన్నా దానిలో ఆని నిలుస్తుంది. లోపలి అరికాలు మెత్తనిది, చెప్పు అడుగున రబ్బరులాగా రాతిని పట్టుకుంటుంది. మొత్తము గట్టిదైతే బండ మీద జారిపోతుంది, మొత్తము మెత్తదైతే రెండు రోజులలో పుండు పడుతుంది. అందుకే గట్టితనమూ మెత్తదనమూ ఒకే పాదములో పెట్టాడు సృష్టికర్త. ఇంటి యజమానులైన అన్నలు ఈ మాట దగ్గర కాసేపు ఆగితే మంచిది.

మీ దొడ్డిలో మేక ఉంటే పిల్లలను పిలిచి దాని కాలెత్తి చూపించండి. మనము పెంచే మేకల పూర్వీకులు పడమటి ఆసియా కొండలలో, ఇరాన్, టర్కీ ప్రాంతాలలో తిరిగే అడవి మేకలే. ఎన్ని వేల ఏండ్లనుండి మన వాకిట్లో ఉన్నా మేక ఆ కొండలను మరచిపోలేదు. అందుకే అది అరుగు ఎక్కుతుంది, బండి ఎక్కుతుంది, పడిపోయిన గోడ కనబడితే దాని కొసకు వెళ్లి నిలబడుతుంది. అయితే ఒక సంగతి కాపరులకు తెలుసు. మెత్తని నేల మీద కట్టివేసి మేపిన మేకకు గిట్టలు అరగవు. పెరిగి పెరిగి ముందుకు వంగుతాయి, నడక చెడుతుంది. కత్తితో చెక్కవలసి వస్తుంది. రాళ్ల మీద తిరిగే మందకు ఆ బాధ తక్కువ. రాయే చెక్కుతుంది.

కష్టము మంచిదని మేము అనడము లేదు. ఆకలి మంచిదని ఆకలి ఎరుగనివాడే చెబుతాడు. ప్రసంగ వేదిక మీదనుండి కష్టాన్ని పొగడడము తేలిక, ఆ కష్టములో పొయ్యి వెలిగించవలసిన అమ్మకు అది తేలిక కాదు. మేము చెప్పదలచినది వేరు. హబక్కూకు గ్రంథపు చివరి వచనాలు తెరిచి అక్కడి వరుస చూడండి. అంజూరపు చెట్టు పూయకపోయినా, ద్రాక్షలు ఫలించకపోయినా, ఒలీవ కాపు పోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు లేకపోయినా అని ప్రవక్త ఒక్కొక్కటే లెక్కపెడతాడు. ఒక రైతు పోగొట్టుకోగలిగినవన్నీ ఆ లెక్కలో ఉన్నాయి. ఆ తరువాత ఏమి వస్తుంది? చేను మళ్లీ పండుతుందనే మాట అక్కడ లేదు. దొడ్డి నిండుతుందనే మాటా లేదు. దేవుడు తన కాళ్లను లేడి కాళ్లవంటివిగా చేసి ఎత్తైన చోట్ల నడిపిస్తాడని ఉంది.

మనము కొండను పిండి చేయమని అడుగుతాము. ఆయన ఒక్కొక్కసారి పిండి చేస్తాడు కూడా. ఎక్కువసార్లు మాత్రము కాళ్లు ఇస్తాడు. బోరు ఎండిన ఏడాది కూడా కూతురిని బడి మాన్పించని రైతును చూడండి. షావుకారు వాకిట్లో మాట పడి వచ్చిన రాత్రి కూడా భార్య మీద చెయ్యి ఎత్తని మనిషిని చూడండి. చేలో పురుగుమందు డబ్బా పక్కనే ఉన్నా దాని వైపు చెయ్యి చాపక, తెల్లవారేదాకా కూర్చుని, లేచి ఇంటికి వచ్చినవానిని చూడండి. అతని పొలములో ఏ అద్భుతమూ జరగలేదు. కాళ్లు మాత్రము వచ్చాయి.

ఇటలీ దేశపు ఉత్తరాన ఆల్ప్స్ పర్వతాలలో చింజీనో అనే ఆనకట్ట ఉంది. ఎత్తు సుమారు 50 మీటర్లు, రాతి కట్టడము, దాదాపు నిటారు గోడ. ఆ గోడ మీద ఆల్ప్స్ కొండమేకలు ఈగలు వాలినట్టు నిలిచిన ఫోటోలు లోకమంతా తిరిగాయి. చూసినవారు అబ్బా, ఎంత తెగువ అన్నారు. ఆ మేకలకు తెగువ చూపే ఉద్దేశము లేదు. ఆ గోడ రాళ్ల మీద ఉప్పువంటి ఖనిజాలు పేరుకుంటాయి. పచ్చిక మేసే జంతువుకు ఒంటికి కావలసినంత ఉప్పు పచ్చికలో దొరకదు గనుక అవి నాకడానికి ఎక్కుతాయి. ఎక్కేవి ఎక్కువగా ఆడమేకలు, పిల్లలు. బరువైన పోతులు ఆ జోలికి పోవు. ఎక్కేటప్పుడు నిట్టనిలువుగా పరుగెత్తవు, ఏటవాలుగా ఇటూ అటూ తిరుగుతూ పోతాయి. ఈ జాతి 19వ శతాబ్దపు మొదటిలో వేట మూలాన గ్రాన్ పరదీసో కొండలలో సుమారు నూరు తలలు మాత్రమే మిగిలింది. 1922లో ఆ చోటు జాతీయ పార్కు అయింది. నేడు ఆల్ప్స్‌లో వేల సంఖ్యలో తిరిగేవన్నీ ఆ శేషమునుండి వచ్చినవే.

ఉప్పు కోసము ఎక్కడము వేరు, ఊరు చూడాలని ఎక్కడము వేరు. మన ఊళ్లలో ఎన్ని కుటుంబాలు కూలినవి రెండవ రకపు ఎక్కుడులోనే! పక్కింటివారి పెళ్లికి మించిన పందిరి వేయాలని ఎకరము తాకట్టు పెట్టినవారిని పేర్లు చెప్పకుండానే మీరు తలచుకోగలరు. కొండమేక అవసరము లేని అంచు మీద కాలు పెట్టదు.

కీర్తనలోని రెండవ ప్రాణి సంగతి చూద్దాము. మన తెలుగు బైబిలులో కుందేలు అని ఉన్నా, ఏన్గెదీ బండలలో ఉండేది మన చేలలో దూకే చెవులపిల్లి కాదు. దాని పేరు రాక్ హైరాక్స్. మన దేశములో లేని జంతువు గనుక తెలిసిన పేరు వాడారనుకోవచ్చు. ముంగిసకన్నా లావుగా, తోక లేకుండా, చిన్న గుండ్రటి చెవులతో ఉంటుంది. నిడివి అడుగున్నర, బరువు నాలుగైదు కిలోలకు మించదు. ఆశ్చర్యమేమంటే శాస్త్రము ప్రకారము దానికి దగ్గరి చుట్టము ఏనుగు! దానికి పొడిచే కొమ్ములు లేవు, గోతులు తవ్వే గోళ్లు లేవు. అరికాళ్లు మాత్రము రబ్బరులాగా మెత్తగా, ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. ఆ తడితోనే నున్నటి బండను పట్టుకుని పాకుతుంది. సామెతలు 30వ అధ్యాయము దీనిని బలము లేనిదంటూనే జ్ఞానము గలవాటి వరుసలో చేర్చింది.

దాని జ్ఞానము ఎక్కడ ఉంది? తనకు బలము లేదని తెలియడములోనే ఉంది. బండ సందుకు చాలా దూరము పోయి మేయదు. ఒంటిలో వేడిని బాగా నిలుపుకోలేదు గనుక రాత్రి చలికి ఒకదానినొకటి ఆనుకుని గుంపుగా పడుకుంటాయి. తెల్లవారగానే మేతకు పరుగెత్తవు. అన్నీ బండ మీదకు వచ్చి ఎండలో కూర్చుని ఒళ్లు వెచ్చబడిన తరువాతనే కదులుతాయి. గుంపు మేసేటప్పుడు ఒకటి ఎత్తు మీద కావలి ఉంటుంది. గద్ద నీడ కనబడితే అది గట్టిగా అరుస్తుంది, క్షణములో బండ మీద ఏదీ ఉండదు. ఆ అరుపుకు సిగ్గుపడదు. మనమో, అప్పు మెడదాకా వచ్చినా తోడబుట్టినవారికి చెప్పము, పాస్టరుగారికి చెప్పము, సంఘ పెద్దలకు అసలే చెప్పము. చెబితే చులకన అవుతామని భయము. ఆ భయము పోవాలంటే విన్నవారు కూడా ఆ మాటను ఆదివారము చెట్టు కింద పంచుకోకుండా ఉండాలి. పురుగుమందు డబ్బా మాట పైన ఊరికే వ్రాయలేదు. ఎవరి మనసులోనైనా ఆ తలంపు తిరుగుతూ ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి, ఇప్పుడే ఒక మనిషి పేరు పెట్టి పిలిచి చెప్పండి.

మళ్లీ దావీదు దగ్గరకు వద్దాము. సౌలు మూడు వేలమందితో వచ్చాడు. దావీదు వెంట ఉన్నవారు ఆరు వందలు. సౌలు తెలియక అదే గుహలోకి వచ్చాడు, లోపల చీకటిలో దావీదు ఉన్నాడు. ఇదే దేవుడిచ్చిన రోజు అని పక్కనున్నవారు నచ్చజెప్పారు. ఏన్గెదీలో కాలు జారే అసలైన చోటు ఆ గుహే అని మాకు తోస్తుంది. బయట కొండ అంచున జారితే ఒళ్లు పోతుంది, అక్కడ జారితే మనిషే పోతాడు. దావీదు అంగీ కొస మాత్రము కోశాడు, కోసినందుకు కూడా అతని మనసు నొచ్చుకుంది. మన ఊళ్లలో పొలము గట్టు తగాదాలు తెలిసినవే. మూడు తరాలుగా జానెడు గట్టు కోసము మాటలు లేని అన్నదమ్ముల కుటుంబాలు ఒకే బల్ల దగ్గర ప్రభువు సంస్కారము తీసుకోవడము కూడా తెలిసినదే. ఏదో ఒక ఏడాది అన్న చేతికి తమ్ముడు చిక్కుతాడు. కాగితము దొరుకుతుంది, సాక్షి దొరుకుతాడు, పక్కనుండి ఎగదోసేవారు ఎలాగూ ఉంటారు. ఆ రోజున అడుగు ఎక్కడ వేస్తారన్నది మందిరములో ఎంత గొంతెత్తి పాడారన్న దానినిబట్టి తేలదు.

కొండమేక ఎన్నడూ పడదని మేము వ్రాయలేము. అలాస్కాలో మెడకు రేడియో పట్టీలు కట్టి తెల్లని కొండమేకలను ఎన్నో ఏండ్లు గమనించిన శాస్త్రజ్ఞులు 2024లో తమ పరిశోధన ప్రచురించారు. ఆ మేకల చావులలో మంచుచరియలు విరిగిపడి చనిపోయినవి చాలా పెద్ద భాగమని తేలింది. కొండ కోసమే పుట్టినట్టుండే కాళ్లు గల జంతువులు అవి. తప్పటడుగు వేయలేదు, కొండే జారింది. ఎవరి ఇంట్లోనైనా పిల్లవాడు చనిపోయినప్పుడు, పంట మునిగినప్పుడు “విశ్వాసము తక్కువైంది” అనే మాట మన మధ్య ఇంకా వినబడుతూ ఉంది. ఆ మాట అనేవారు యోబు స్నేహితుల వరుసలో కూర్చుంటున్నారు. ఆ స్నేహితులు ఏడు దినములు నేల మీద మౌనముగా కూర్చున్నంతకాలము బాగానే ఉన్నారు, నోరు తెరిచిన తరువాతనే చెడింది.

పదిమంది పిల్లలను ఒక్క రోజున పోగొట్టుకున్న ఆ యోబుతో దేవుడు మాట్లాడినప్పుడు, 39వ అధ్యాయము మొదటిలోనే ఆయన అడిగిన ప్రశ్న కొండమేకల కాన్పు గురించి. అవి ఎప్పుడు ఈనుతాయో నీకు తెలుసా అని. పిల్లలు పోయిన తండ్రిని అడగవలసిన ప్రశ్నా ఇది అని మొదట గుండె కలుక్కుమంటుంది. కానీ ఎవరూ చూడని బండల మధ్య, మంత్రసాని లేని చోట జరిగే పురుడును కూడా తాను నెలలు లెక్కపెట్టి కనిపెడుతున్నానని చెప్పేవాడు, యోబు ఇంట పుట్టిన పదిమందిని లెక్కలో మరచిపోయాడా?

నేడు ఆ నెలల లెక్క మనకు కొంత తెలుసు. ఏన్గెదీ కొండమేకలు శరదృతువులో జత కడతాయి, సుమారు ఐదు నెలలు మోసి వసంతములో ఈనుతాయి. తరచుగా ఒక్క పిల్ల, అరుదుగా రెండు. తల్లి మందను విడిచి, ఎవరూ రాలేని నిటారు చోటుకు ఒంటరిగా వెళ్లి ఈనుతుంది. మన దక్షిణ దేశములో కూడా ఇలాంటి జంతువు ఒకటి ఉంది. దానిని నీలగిరి తార్ అంటారు. తమిళులు వరయాడు అని పిలుస్తారు, అంటే కొండమేక. కేరళలోని మున్నారు దగ్గర ఇరవికుళం జాతీయ పార్కు దానికి పెద్ద ఆశ్రయము. ఈనే కాలములో, ఫిబ్రవరి, మార్చి ప్రాంతములో, ఆ పార్కును యాత్రికులకు మూసివేస్తారు. ఎంత దూరమునుండి వచ్చినా సరే, తల్లీ పిల్లా కుదురుకునేదాకా గేటు తెరవరు. మన బాలింతలకు కూడా అలాంటి గేటు ఒకటి ఉంటే బాగుండును. ముఖ్యముగా ఆడపిల్ల పుట్టిందని విని మూతి విరుస్తూ వచ్చే చుట్టాలకు.

పిల్ల పుట్టిన కొద్ది గంటలకే నిలబడుతుంది, కొద్ది రోజులకే బండనుండి బండకు దూకుతుంది. అయితే తల్లికి మేత ఒక చోట, నీళ్లు మరొక చోట. రోజంతా అంత చిన్నదానిని వెంట తిప్పలేదు. ఇశ్రాయేలు దక్షిణాన నెగెబు ఎడారి కొండలలో గమనించినవారు చెప్పే సంగతి ఇది. తల్లులు తమ పిల్లలన్నిటినీ నిటారు బండల మధ్య ఒక చోట కలిపి ఉంచి, తాము కిందికి దిగి వెళతాయి. తోడేలు సులభముగా ఎక్కలేని చోటు అది. పిల్లలు అక్కడే ఒకదానినొకటి తరుముకుంటూ, అంచుల మీద ఎగిరి దిగుతూ, అలసి నీడన పడుకుంటూ పొద్దు గడుపుతాయి. “మేము పడిన కష్టము మా పిల్లలు పడకూడదు” అని ప్రతి తల్లీ తండ్రీ అనుకుంటారు, అనుకోవలసినదే. హాస్టలులో దింపి బస్సు ఎక్కేటప్పుడు కళ్లు తుడుచుకోని తల్లి ఉండదు. ఈ తల్లులు మాత్రము పిల్లను దాచడానికి చదును నేల వెదకలేదు. తమ కొండనే, అందులోనూ నిటారుగా ఉన్న చోటునే ఎంచుకున్నాయి.

మేక జాతిలో తల్లీ పిల్లా వాసననుబట్టి, గొంతునుబట్టి ఒకదానినొకటి గుర్తుపడతాయి. కడుపు నిండా నీళ్లు తాగి, పొదుగు బరువుతో ఎక్కి వచ్చిన తల్లి ఒక్కసారి అరుస్తుంది. గుంపులోనుండి ఒక పిల్ల లేచి, ఆ గొంతు వినబడిన వైపు బండలు దూకుతూ వస్తుంది.